స్పీకరులో మనసు విప్పమన్నారు

మా వైపు ఇళ్లలో ఫోను మోగితే స్పీకరు నొక్కుతారు. ఎవరి ఫోను, ఎవరికోసం అన్నది తర్వాతి సంగతి. టీవీ గొంతు తగ్గుతుంది, వంటింట్లో గరిటె ఆగుతుంది, పెరట్లో గేదెకి కుడితి పెడుతున్న మనిషి కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడతాడు. లోను కావాలా అని ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి చేసినా సరే, మా అప్ప, మా వైపు అక్కని అలాగే అంటాం, వాళ్ల అత్తగారు "ఏ ఊరమ్మా మీది, పెళ్లయ్యిందా" అని అడిగి గానీ వదలదు. ఫోను చెవికి ఆనించుకుని పక్కకి పోయి మాట్లాడేవాడు మా లెక్కలో దొంగసరుకైనా అమ్ముతూ ఉండాలి, ప్రేమలోనైనా పడి ఉండాలి.

ఈ అలవాటు మీద చాలా ఏళ్లు జోకులేసి అందరినీ నవ్వించాను. కరోనా రెండోసారి ఊళ్ల మీద పడిన వేసవిలో ఆ జోకు నా గొంతులోనే అడ్డం పడింది. ఎనిమిదో తరగతిలో బడికి నమస్కారం పెట్టినవాణ్ని కనక నా రాత వంకరగా ఉంటే సర్దుకోండి. కోపం మాత్రం తిన్నగానే ఉంది.

మా అప్ప కూతురు యూనివర్సిటీలో చదివేది. మా రెండు కుటుంబాల్లోనూ హాస్టలు మెట్లెక్కిన మొదటి పిల్ల అదే. నేను గరివిడి రోడ్డులో ఆటో తోలతాను. నోటి దురుసులో నాకు మా ఊళ్లో సాటి ఎవరయ్యా అంటే ఈ మేనకోడలే. "నీ ఆటోకి హారనెందుకు మావా, నువ్వున్నావు కదా" అన్నప్పుడు దానికి నిండా పన్నెండేళ్లు లేవు.

హాస్టళ్లు ఖాళీ చేయించాక ఒక్క బ్యాగుతో ఇంటికొచ్చింది. మధ్యాహ్నం అయ్యేసరికి కర్ఫ్యూ పడేది కాబట్టి నా ఆటో కూడా పూటకూలీ అయిపోయింది. మిగతా పూటంతా అప్ప ఇంటి అరుగే నాకు స్టాండు. ఆ అరుగు మీంచే చూశాను, పిల్ల మారిపోయింది. ఆన్‌లైన్ క్లాసులకి ఆన్‌లైన్‌లోనే స్నానం చేస్తున్నావా అని ఎగతాళి చేస్తే "ఊఁ" అంది. అంతే. నన్ను నాలుగు తిట్టి ఉంటే ఆ పూట హాయిగా నిద్రపోయేవాణ్ని.  అంబలి గ్లాసు మూతి దాకా తీసుకెళ్లి కింద పెట్టేసేది. తల దువ్వుకునేది కాదు. మా బావ, అంటే దాని తండ్రి, సెల్లు చూసి చూసి కళ్లు పోతున్నాయని తేల్చేశాడు. అప్ప అత్తగారు ముసలమ్మ దిష్టి అని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గారు. పిల్ల మాత్రం దగ్గను కూడా దగ్గలేదు.

అప్పుడు యూనివర్సిటీవాళ్లు పిల్లల గ్రూపులో ఒక మెసేజీ పెట్టారట. బెంగగా ఉన్నవాళ్లు పేరివ్వండి, చదువుకున్న నిపుణులు ఫోను చేస్తారు, మనసు విప్పి మాట్లాడండి, అంతా గోప్యంగా ఉంటుంది. మా పిల్ల ఎవరికీ చెప్పకుండా పేరిచ్చింది, తన నంబరూ ఇచ్చింది. ఆ నిపుణులు ఏ నంబరుకి చేశారనుకున్నారు? ఆడపిల్లని చేర్చినప్పుడు తండ్రి నంబరు రాయించుకుంటారు చూడండి, దానికి.

ఆ పొద్దున్న వాకిట్లో జీడిపిక్కలు ఆరబోస్తున్నాం. బావ జేబులో ఫోను మోగింది. స్పీకరు నొక్కాడు. ఒకావిడ మెత్తగా, పుస్తకంలోంచి చదివినట్టుగా, ఫలానా విద్యార్థిని మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడాలి అంది. బావకి అందులో విద్యార్థిని అన్న ముక్క ఒక్కటే అందింది. "ఒసే, మీ కాలేజోలు" అని పిల్లని పిలిచి, ఫోను మాత్రం తన అరచేతిలోనే పెట్టుకుని పళ్లెంలా చాపాడు. అప్ప వచ్చింది. ముసలమ్మ గోడ పట్టుకుని వచ్చింది. పక్కింటామె చేట పట్టుకుని గుమ్మంలోనే ఆగింది.

నిద్ర సరిగా పడుతోందా అని అడిగిందావిడ. పిల్ల నోరు తెరిచేలోపు ముసలమ్మ అందుకుంది.

"నిద్రకేటమ్మా కరువు. పొద్దెక్కినా లెగదు."

ఆకలి ఎలా ఉంది అంటే అప్ప చెప్పింది. చదువు మీద ధ్యాస ఉందా అంటే బావ చెప్పాడు. భవిష్యత్తు గురించి ఆందోళనగా ఉందా అంటే పక్కింటామె, కరోనా పోతే సంబంధాలు చూస్తారండీ అని భరోసా ఇచ్చింది. ఆఖరికి, మీకేమైనా చెప్పుకోవాలని ఉందా అమ్మా అని అడిగితే పిల్ల ఆ పళ్లెంలోని ఫోను వైపు చూసి "బాగున్నానండి" అంది. అప్పుడావిడ, మీ కుటుంబం మీకెంతో అండగా ఉంది, చాలా సంతోషం అని పెట్టేసింది.

ఇక్కడే నాకు ఒళ్లు మండేది. మావాళ్లకి తెలియదు, సరే. మానసిక ఆరోగ్యం అంటే బీపీ చూసినట్టు ఏదో చూస్తారని అనుకున్నారు. ఆవిడకి తెలుసు కదా. ఆ ఫోనులో నాలుగు గొంతులు వినిపించాయి, కోడి కూసింది, కుక్కరు ఈల వేసింది. అమ్మా, నువ్వొక్కదానివే ఉన్నావా అని ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? సంతలో గొడ్డుని కొనేవాడు కూడా దాన్ని కాస్త పక్కకి తీసుకెళ్లి పళ్లు చూస్తాడు.

అందరూ కదిలాక నేను పిల్ల పక్కన కూర్చుని పిక్కలు కలియదిప్పుతూ, మీ మేడం ఫీజు తీసుకోకుండా మీ నాయనమ్మకి వైద్యం చేసిందే అన్నాను. నవ్వుతుందేమో అని. అది తల ఎత్తలేదు.

"ఆవిడకి ఏటి సెప్పమంటావు మావా, ఇంతమంది ముందర?"

"ఆవిడకి సెప్పకు. నాకు సెప్పు."

పిక్కలు కదుపుతూనే చెప్పింది. హాస్టల్లో దాని గదిలో ఉండే పిల్ల, నరసన్నపేట అవతల ఏదో పల్లె, ఒకసారి మా ఊరు కూడా వచ్చి వెళ్లింది. ఆ పిల్లకి జ్వరం వచ్చి, ఊపిరి అందక, ఆసుపత్రిలో పోయింది. ఈ సంగతి మా పిల్లకి ఎవరూ ఫోను చేసి చెప్పలేదు. ఎవరో స్టేటస్‌లో ఫొటో పెట్టి దండం బొమ్మ పెడితే చూసి తెలుసుకుంది.

"ఇంట్లో సెబితే, అలాటి మాటలు ఇప్పుడెందుకు అంటారు. ఇప్పటికీ దానికి మెసేజీలు పెడతన్నాను మావా. ఒక టిక్కే పడతాది."

 

మర్నాడు యూనివర్సిటీకి ఫోను చేశాను. ఆ పిల్ల సొంత నంబరుకి చెయ్యండి బాబూ అంటే, పేరెంటు నంబరుకే చెయ్యాలని రూలు అన్నాడు ఒకాయన. మా బావకి మనసు బాగానే ఉందండీ, ఆయనకెందుకు కౌన్సిలింగు అన్నాను. ఆయన నవ్వలేదు. మీరు ఏం చదువుకున్నారు అని అడిగాడు. ఆటో వెనకాల రాసినవన్నీ చదువుకున్నాను అన్నాను. చివరికి విసుక్కుని ఒక నంబరు పారేశాడు. పొద్దున్నపూట దానికి పిల్లే చేసుకోవచ్చట.

ఇంట్లో పిల్ల ఫోనుకి సిగ్నలు వచ్చీ రాకుండా ఉంటుంది, వచ్చినా గోడలకి చెవులు కాదు, ఏకంగా మనుషులే ఉన్నారు. అందుకని ఆటో కడిగాను. రెండు వైపులా వానకి దించే రెగ్జిను పరదాలు దించి, గరివిడి రోడ్డు మీద సిగ్నలు బాగా ఉండే కల్వర్టు పక్కన నిలబెట్టాను. పిల్ల లోపల, నేను అల్లంత దూరంలో కల్వర్టు గోడ మీద. మా కౌన్సిలింగు ఆసుపత్రి అదీ. నేను దాని గూర్ఖాని.

దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా? సైకిలు మీద పోతున్న మా ఊరి పాలాయన కాలు కింద పెట్టాడు.

"ఏట్రా, ఎండలో పరదాలేసేవు?"

"ఆటోకి పాజిటివొచ్చినాది బావా. కోరంటీన్లో ఉన్నాది. నువ్వు దగ్గరికి రాకు, సైకిలుక్కూడా అంటుకుంటాది."

ఆయన నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ రోజు పరదా తీసి బయటికొచ్చినప్పుడు పిల్ల కళ్లు వాచిపోయి ఉన్నాయి గానీ మొహం తేటగా ఉంది. బాగా విందిరా మావా ఆవిడ, అంది. దారిలో "నీ సీటు గుచ్చుకుంటన్నాది, ప్యాసింజర్లు నిన్నెలగ భరిస్తన్నారు" అని కూడా అంది. ఆ తిట్టు విని గేరు మార్చడం మరిచిపోయాను.

రెండోసారి వెళ్లాం. ఫోను ఎత్తింది ఇంకొకావిడ. మునుపటి ఆవిడ డ్యూటీ మారిపోయిందట. మొదటి నుంచి చెప్పండి అంది. పిల్ల మొదటి నుంచి చెప్పింది. మూడోసారి ఒకాయన. పేరు, కోర్సు, ఏ సంవత్సరం, మీ సమస్య ఏమిటి, మొదటి నుంచి చెప్పండి. పరదా వెనక నుంచి నాకు వినిపించింది ఒకే మాట, "బాగున్నానండి." లోపలికి వెళ్లినంతసేపట్లోనే బయటికొచ్చేసింది. పుండుకి కట్టిన గుడ్డ ఒకరు విప్పి చూసి వెళ్తారు, ఇంకొకరొచ్చి మళ్లీ విప్పమంటారు. మందు వేసేవాడు ఒక్కడూ లేడు. మా ఊరి గొడ్ల డాక్టరు కూడా ఒకసారి చూసిన దూడని రెండోసారి గుర్తుపడతాడు.

ఈలోగా పరదాల కబురు ఊళ్లోకి పాకింది. పాలాయన పుణ్యమో ఇంకెవరి పుణ్యమో, బావ నా ఇంటి మీదకే వచ్చాడు. వెనకాలే అప్ప, పిల్ల.

"ఆడగుంటని పరదా ఆటోలో కూకోబెట్టి ఎవుడితోటి మాటాడిస్తన్నావురా?"

నేను నోరు తెరిచాను. ఏదో ఒక జోకు వచ్చేదే. పిల్ల నన్ను తోసుకుని ముందుకొచ్చింది.

"అది సచ్చిపోయినాది నాన్నా. నా రూములో గుంట. మన మావిడిపళ్లు తిని, మామ్మకి జడేసి ఎల్లింది కదా, ఆ గుంట. ఆ సంగతి సెప్పుకుందికి నాకు మీ ఇంట్లో జాగా లేదు."

మా అప్పకి ఆ పిల్ల గుర్తొచ్చింది. అక్కడే గుమ్మంలో చతికిలబడి, ఆ గుంటేటి, ఆ నవ్వుమొకం గుంటేటి అని నెత్తి కొట్టుకుంది.  బావ ఆటో వైపు చూసి, కర్ఫ్యూ ఎత్తేక ఆటో తియ్యి, ఆళ్ల ఊరెల్దాం అన్నాడు నాతో.

ఎత్తాక వెళ్లాం. శ్రీకాకుళం దాటి, నరసన్నపేట దాటి, ఆటోకి అది మించిన దూరమే. ఆ పిల్ల తల్లి మమ్మల్ని చూసి లేచింది. మా పిల్ల చెయ్యి పట్టుకుని వదల్లేదు. నీళ్లిచ్చి, కుశలం అడిగి, ఉన్నట్టుండి అంది.

"పెద్దదినం అయిన మర్నాడు మీ కాలేజీ నుంచి ఫోనొచ్చినాదమ్మా. మీ అమ్మాయికి నిద్ర పడతన్నాదా అని అడిగినాది ఒకావిడ."

మా బావ మెల్లగా, మీరేటి సెప్పేరమ్మా అన్నాడు.

"స్పీకర్లో ఉన్నాది. మా అత్త, మరుదులు, అందరూ ఇంటన్నారు. పడతన్నాదండి అన్నాను. ఇంకేటి సెప్పమంటారు?"

ఆ తర్వాత ఆ తల్లీ, మా పిల్లా లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆ ఇంటి ముసలామె వెనకాలే లేవబోయింది. మా బావ, జన్మలో ఒక తలుపు మూసి ఉంటే ఓర్వని మనిషి, ఆమెకి అడ్డంగా నిలబడి, కూకోండమ్మా, ఆళ్లని మాటాడుకోనీండి అన్నాడు. ఎండ అరుగు దిగి వాకిట్లోకి పోయేదాకా మేము బయటే కూర్చున్నాం. లోపల్నుంచి ఏడుపు వినిపించింది. ఒకసారి నవ్వు కూడా వినిపించింది. ఆ రోజు నుంచి మా పిల్ల ఆవిడకి వారం వారం ఫోను చేస్తుంది. బావ ఆ వేళకి పశువుల దగ్గరికి పోతాడు, ముసలమ్మని కూడా వెంటబెట్టుకుని.

హాస్టళ్లు తెరిచాక పిల్ల వెళ్లిపోయింది. కొన్నాళ్లకి నా ఫోనుకి ఒక ఫొటో పంపింది, కింద ఒక్క మాటా లేకుండా. స్టేజీ, బ్యానరు, శాలువాలు కప్పుకున్న పెద్దలు. కష్టకాలంలో ఫోను ద్వారా విద్యార్థులకు మనోధైర్యం ఇచ్చినందుకు సన్మానమట. మాట్లాడినవారిలో దాదాపు అందరూ బాగున్నామని చెప్పారని బ్యానరు మీదే రాశారు. ఆ అందరిలో మా పిల్ల ఉంది. నిద్ర బాగా పడుతున్న ఆ పిల్ల కూడా ఉండే ఉంటుంది.

పిల్లకి ఫోను చేశాను. ఎత్తుతూనే, "ముందు స్పీకరు తియ్యి మావా" అంది.

తీసి, చెవికి ఆనించుకుని, ఊరంతా చూస్తుండగా కల్వర్టు దాకా నడిచి వెళ్లాను. అక్కడ కూర్చుని ఇద్దరం ఆ శాలువాలవాళ్లని తిట్టుకున్నాం, నోరారా. ఆ తిట్లు ఇక్కడ రాయను. గోప్యంగా ఉంటుందని దానికి మాటిచ్చాను, నేను తప్పను.