ప్లగ్ నా చేతిలో ఉండగా లేచిన నీరు

దయ్యాల ప్రస్తావన మొదలైతే ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయే అలవాటు నాది. ఢిల్లీలో భౌతికశాస్త్రం బోధిస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపినదాన్ని. కొలతకు అందనిదానికి నా దగ్గర చోటుండేది కాదు. కనుక చూసినదాన్ని చూసినంతవరకే రాస్తున్నాను.

రెండువేల దశకం మధ్యకాలమది. నల్గొండ నుంచి వచ్చి, మా క్యాంపస్ దగ్గరి బేర్ సరాయ్‌లో అద్దెగదిలో ఉండే స్వరూప నా దగ్గర పరిశోధన చేసేది. కణితి లోపలి కణజాలం బాగా బిగుసుకుని ఉంటుంది. మందు మోసే అతిసూక్ష్మమైన నానోకణాలు అంచుల్లోనే ఆగిపోతాయి. అల్ట్రాసౌండ్ తరంగాలతో వాటిని లోపలికి నెట్టవచ్చని నిరూపించడమే ఆమె పని.

ఎలుకనుంచి తీసిన కణితిని రెండు ముక్కలు చేసి, మెరిసే నానోకణాల ద్రవంతో వేర్వేరు పల్చని సంచుల్లో ఉంచేవాళ్ళం. గాలి బుడగలు పోయేలా మరిగించి చల్లార్చిన నీటి తొట్టెలో ఆ సంచులను ఒకదాని తరువాత ఒకటి వేలాడదీసేవాళ్ళం. మొదటి ముక్కకు తరంగాలు ఇవ్వం, రెండోదానికి ఇస్తాం. నానోకణాలు చేరినచోటల్లా ముక్క మైక్రోస్కోపు కింద వెలుగుతుంది. మొదటిది లోపల చీకటిగా ఉంటేనే రెండోదాని వెలుగుకు విలువ.

అందుకని ఒక నియమం పెట్టాను. మొదటి ముక్క తొట్టెలో ఉన్నంతసేపూ అల్ట్రాసౌండ్ యంత్రం ప్లగ్ ఊడదీసి, ఎవరో ఒకరు చేత్తో పట్టుకుని కూర్చోవాలి. స్విచ్ ఆపితే చాలదు. విద్యార్థులు దీన్ని చాటుగా "మేడమ్ జపం" అనేవారు.

ఒక మే నెల మధ్యాహ్నానికి మిగిలింది ఒక్క కణితే. స్వరూప ఫెలోషిప్ గడువు ముగియవస్తోంది, మళ్ళీ ఎలుకలు వచ్చే అవకాశం లేదు. మొదటి ముక్కను తొట్టెలో వేలాడదీశాక ప్లగ్ నేనే పట్టుకున్నాను. కాసేపటికి భవనమంతా కరెంటు పోయింది. కిటికీ వెలుతురు ధారాళంగానే ఉంది.

అప్పుడు తొట్టె మధ్యలో నీరు లేచింది. బలమైన తరంగం కిందినుంచి తగిలితే ఎలా ఉబ్బుతుందో అలాగే, చిన్న గుట్టలా, నిలకడగా. బల్ల కదల్లేదు. తొట్టెను ఎవరూ తాకలేదు. ప్లగ్ నా అరచేతిలోనే ఉంది. కరెంటు రాకముందే నీరు సమమైంది.

తరువాత రెండో ముక్కకు యథావిధిగా తరంగాలు ఇచ్చాం. మైక్రోస్కోపు కింద రెండు ముక్కలూ నడిమధ్య దాకా ఒకేలా ఆకుపచ్చగా వెలిగాయి.

"ఈ ఒక్కటి తీసేద్దాం మేడమ్," అంది స్వరూప. "చెడిపోయిందని రాస్తే ఎవరడుగుతరు?"

"చెడిపోలేదు కదమ్మా. ఉన్నది ఉన్నట్టు రాయి."

కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉంది. కానీ థీసిస్‌లో రాసింది.

మౌఖిక పరీక్షకు వచ్చిన పరీక్షకుడు కటువైన మనిషని పేరు. నేరుగా ఆ పేజీనే తెరిచి కారణం అడిగారు. తనకు తెలియదని, ప్లగ్ మాత్రం మేడమ్ చేతిలో ఉందని స్వరూప హిందీలో చెప్పింది. ఆయన నా వైపు చూశారు. తలూపాను. "అచ్ఛా," అని, దాచడానికి ఇంత సులువైనదాన్ని దాచలేదు గనుక మిగతా ఫలితాలన్నీ నమ్ముతున్నానన్నారు. ఆమెకు పట్టా వచ్చింది.

పదవీ విరమణ దాకా అదే తొట్టె దగ్గర, కరెంటు ఉన్నప్పుడూ లేనప్పుడూ, ప్లగ్ తీసి కూర్చుని చూశాను. నీరు మళ్ళీ లేవలేదు. మా పొరపాటు ఒక్కటైనా దొరకలేదు. ఆ మధ్యాహ్నం జరిగినదేమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఏదైతేనేం, అది ఆ నానోకణాలను కణితి లోపలికే తీసుకెళ్ళింది. ఆ సంగతి తలచుకుంటే నాకు భయం వేయదు, మనసు కుదుటపడుతుంది.