ఒడిబియ్యం కట్టిన సైకిలు

వరిగడ్డి వాసన పొలంలో ఒకలా ఉంటుంది, ఎండి గోనెసంచిలో నలిగినప్పుడు ఇంకొకలా ఉంటుంది. ఇవాళ మహబూబ్‌నగర్‌లో లారీ ఆఫీసు ముందు నిలబడి ఉండగా ఆ రెండో వాసన ముక్కుకు తగిలింది. హమాలీ ఒకతను నా సైకిలు హ్యాండిలును అడ్డంగా తిప్పి, పెడళ్లు ఊడదీసి, చక్రాల్లో గాలి తీసేసి, గడ్డి చుట్టి పైన గోనె కుడుతున్నాడు. నాకు హాలియాకు బదిలీ అయింది. నాకంటే ముందు సైకిలు పోతుంది. "లోపల ఇంకేమన్న పెట్టేదున్నదా అమ్మా? ఉంటె ఇప్పుడే ఇయ్యుండ్రి, కుట్టినంక నేను ఇప్ప" అన్నాడతను. లేదన్నాను. చేతిసంచిలో ఉన్న చిన్న మూటను మాత్రం పైనుంచే ఒకసారి తడుముకున్నాను. గడ్డి వాసనకు ఎన్నాళ్లదో అలసట ఒంట్లోకి వచ్చినట్టయి అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. అనసూయమ్మగారు ఉంటే ఆమె కూడా అక్కడే కూర్చునేవారు, రెండు మోకాళ్లనూ చేతులతో పట్టుకుని, ఎవరేమనుకున్నా పట్టించుకోకుండా.

అనసూయమ్మగారు మక్తల్‌లో నా పై అధికారి. నేను గ్రామసేవికను. ఊరూరికీ తిరిగి ఆడవాళ్లకు పసిపిల్లల సంరక్షణ, పొగ రాని పొయ్యి కట్టుకోవడం, పెరట్లో కూరగాయలు పెంచడం లాంటివి చెప్పడం మా పని. ఆ పనిలో నాలాంటి వాళ్లను చూసుకునే ముఖ్యసేవిక ఆమె. నల్లగొండ వైపు మనిషి. నలభై దాటాయో లేదో, మోకాళ్లు మాత్రం అరిగిపోయాయి. నేను చూసిన మనుషులందరూ అలసటను దాచుకునేవాళ్లే. ఆమె ఒక్కరే దాన్ని ఇంట్లో మనిషిలా చూసేవారు. ఆఫీసుకు రాగానే "అలిసిపోయిన పిల్లా" అనేవారు, వేరేవాళ్లు "బాగున్నరా" అన్నంత మామూలుగా. అని, పని మొదలుపెట్టేవారు. అలిసిపోయానని చెప్పడం పని మానడానికని నేను అంతవరకు అనుకునేదాన్ని. ఆమెకు ఆ రెండింటికీ సంబంధమే లేదు.

నేను చేరిన ఏడాది వానలు లేవు. అంతకు ముందు ఏడాదీ లేవట. నాకిచ్చిన ఊళ్లలో దగ్గరివాటికి నడిచి పోయేదాన్ని. కృష్ణ ఒడ్డున ఉన్న దూరపు ఊళ్లకు బస్సు లేదు, నడిస్తే పొద్దున పోయి ఆ రోజే తిరిగి రావడం కాదు. ఆ ఊళ్లకు పోవడంలేదని మా ఆఫీసరుకు కోపం. ఒకరోజు నన్ను పిలిపించి, ఉగాదిలోపల ఆ ఊళ్లు తిరగడం మొదలుపెట్టకపోతే నా జాగాలో ఇంకొకరిని వేస్తానన్నాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఉద్యోగం పోతే నాకు మిగిలేది నల్లగొండలో అన్న ఇల్లు. అక్కడ పుస్తకం పట్టుకుంటే "దీపానికి నూనె దండుగ" అనేవాళ్లు. మక్తల్‌లో కిరాయికి తీసుకున్న గదిలో ఒక తలుపు, ఒక గడియ, నా పుస్తకాలు, నా డైరీ ఉండేవి. ఆ గడియ లోపలినుంచి నేనే వేసుకునేదాన్ని. అది పోతుందేమోనని బయటికొచ్చాక కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

అనసూయమ్మగారు నా మొహం చూసి, "సైకిల్ కావాలె నీకు" అన్నారు, జ్వరానికి మందు చెప్పినట్టు. తొక్కడం రాదన్నాను. "వస్తె ఎప్పుడో కొనుకుంటుంటివి" అన్నారు. నల్లగొండ వైపు కేతేపల్లిలో ఆమె ఎరిగిన నర్సు ఒకామె ఉందట, పేరు రుక్కమ్మ. ఉద్యోగమంతా సైకిలు మీద ఊళ్లు తిరిగి కాన్పులు చేసిన మనిషి. ఇప్పుడు వయసు మీదపడి సైకిలు అమ్ముతోందట. ఆడవాళ్లు తొక్కే సైకిలు, అందులోనూ టూర్లకు తట్టుకునే సైకిలు, మక్తల్‌లో వెతికినా దొరకదు. రెండు రోజులు సెలవు పెట్టి ఇద్దరం పోయాం. రెండు బస్సులు మారి దిగేసరికి ఆమె మోకాళ్లు వాచిపోయాయి. నాకోసం ఆమె ఇంత దూరం ఎందుకొచ్చారని అడగాలనిపించింది, అడగలేకపోయాను.

రుక్కమ్మగారి ఇంట్లో సైకిలు గోడకు ఆనించి, పాత చీర కప్పి ఉంది. నల్లటి సైకిలు, రంగు అక్కడక్కడ పోయింది. వెనక వెడల్పాటి క్యారియరు, చీర చిక్కుకోకుండా చెయిను మీద నిండుగా డబ్బా, ముందు చక్రానికి రాసుకుని వెలిగే దీపం. రుక్కమ్మగారు నన్ను కిందినుంచి మీదిదాకా చూసి అనసూయమ్మగారినడిగింది: "తొక్కుతదా గీ పిల్ల?"

"ఇంకా రాదక్కా."

"తొక్కరాని పిల్లకు బండెందుకే అనసూయా?"

"తొక్కొచ్చినంక కొందామంటె దేని మీద నేర్చుకుంటది, నీ వీపు మీదనా?"

ముసలామె ముందు చక్రం లేపి గిర్రున తిప్పింది. అది చాలాసేపు చప్పుడు లేకుండా తిరిగింది. ఆగాక నా వైపు తిరిగి, "నీకు రాకున్నా ఏం ఫికర్ లేదు బిడ్డా. దీనికి తొవ్వలన్నీ ఎరికే. కాకపోతె అన్నీ కేతేపల్లి తొవ్వలు" అంది. నేను నవ్వాను. ఆ ఇంట్లోకి వచ్చాక నా నోటినుంచి వచ్చిన మొదటి చప్పుడు అదే.

లారీలో హైదరాబాదుకు, అక్కడినుంచి రైల్లో దేవరకద్రకు, ఆ తర్వాత ఎడ్లబండి మీద మక్తల్‌కు రావాలి సైకిలు. కుదుపులకు దెబ్బ తినకుండా బాగా కట్టాలని ఇద్దరూ పట్టుబట్టారు. ఆ ఊళ్లో చెరువు నిండుగా ఉంది, కోతలైన పొలాల్లో గడ్డి కుప్పలు కుప్పలుగా ఉంది. బర్రెకు పరిచినట్టు మెత్తగా పొరలు పొరలుగా చుట్టించారు. గోనె కుట్టే ముందు రుక్కమ్మగారు ఆగమని లోపలికి పోయి, పసుపు కలిపిన బియ్యం కొత్త గుడ్డలో మూట కట్టి తెచ్చింది. కూతురు అత్తవారింటికి పోతుంటే ఒడిలో పోసి పంపే బియ్యం అవి. పోసేవాళ్లు ముత్తయిదువలై ఉండాలి. రుక్కమ్మగారి భర్త ఆమె చిన్నతనంలోనే పోయాడు.

క్యారియరుకు మూట కడుతూ ఆమె మా వైపు చూడకుండానే అంది: "ఎంతమంది ఆడపిల్లలను ఈ చేతులతోని బయటికి తీసిన. ఒక్కదాని ఒడిల బియ్యం పొయ్యనియ్యలే నన్ను. బండికి పోస్తె ఎవలు అడ్డమొస్తరు?"

అనసూయమ్మగారు మూట మీదినుంచి ఇంకొక పొర గడ్డి తనే చుట్టారు.

మేం తిరిగొచ్చాక ఎదురుచూపులు మొదలయ్యాయి. సాయంత్రమైతే బండ్లు ఆగే చోటికి పోయి నిలబడేదాన్ని. ఉగాది దగ్గరపడుతోంది. ఆఫీసరు ఎదురైతే తల తిప్పుకునేవాడు. చివరికి ఒకరోజు దుకాణాలకు సరుకు తోలే మల్లయ్య బండి వచ్చింది. అందులో సైకిలు ఉంది, గడ్డి లేదు. చిరిగిన గోనె ఒక పక్క వేలాడుతోంది. ముందు చక్రం ఎనిమిది అంకెలా మెలిపడింది. మూట చిరిగి పసుపు బియ్యం బండి పలకల సందుల్లో చెదిరి ఉన్నాయి.

"ఏమైంది మల్లయ్యా?" అని అనసూయమ్మగారు అడిగారు.

"ఎడ్లను ఇడిసి చెట్టు కింద జర కన్ను మూసిన. అవి గోనె చింపి గడ్డి గుంజినయ్, బండి మీదికెళ్లి సైకిల్ కింద పడ్డది."

"చూడొద్దానయ్యా?"

"ఏం చూడాలమ్మా? రెండేండ్లాయె గవి వరిగడ్డి మొఖం చూడక. గడ్డి వెట్టి పంపింది మీరు. తిన్నయని ఎడ్లను కొట్టాల్నా?"

ఆమె మెల్లగా బండి నొగ మీద కూర్చున్నారు. కోప్పడతారనుకున్నాను. ఆమె నవ్వడం మొదలుపెట్టారు. నవ్వినా అలసటగానే నవ్వేవారు, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. "నిజమే మల్లయ్యా. కేతేపల్లిల అది గడ్డే. ఈడికొస్తె బువ్వ అయితదని ముగ్గురాడోళ్లల ఒక్కదానికి యాదికి రాలే" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. మెలిపడిన ఆ చక్రం చూస్తుంటే నా లోపల ఏదో చేతులెత్తేసింది. "నేను పోత అమ్మా. రేపే రాజీనామా రాసిచ్చి అన్న దగ్గరికి పోత" అన్నాను. అంత గట్టిగా మాట్లాడడం నాకు అదే మొదలు.

"పోదువు గాని, ముందుగాల గీ బియ్యం ఏరు" అన్నారామె.

"ఎందుకు?"

"ఒడిబియ్యం పారేస్తరా ఎవలన్న? వచ్చిన ఇంట్ల వండాలె."

ఇద్దరం బండి పలకల మధ్యనుంచి గింజగింజా ఏరాం. మల్లయ్య కూడా గొణుక్కుంటూనే ఏరాడు. దుమ్ము చెరిగి, మూడు నీళ్లు కడిగి, ఆమె ఇంట్లో వండాం. పసుపు బువ్వలో పచ్చిపులుసు పోసుకుని తిన్నాం. మల్లయ్యను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి పెట్టాం. అతను తింటూ, "ఎడ్లకు గడ్డి, నాకు బువ్వ. అమ్మా, మళ్ల ఎప్పుడు తెప్పిస్తరు సైకిలు?" అన్నాడు. అప్పుడు నాకూ నవ్వొచ్చింది.

చేతులు కడుక్కున్నాక ఆమె మంచం మీద వాలి, కళ్లు మూసుకుని అన్నారు: "చూడు పిల్లా. అలిసిపోయినప్పుడు పని చెయ్యొచ్చు. ఫైసలా మాత్రం చెయ్యొద్దు. పోతనన్నవు గదా, అలసట లేని రోజు చూస్కొని పో."

ఆ రోజు ఇంతవరకు రాలేదు.

సైకిలు దుకాణం అతను పుల్లలు బిగించి చక్రాన్ని చాలావరకు సరిచేశాడు. ఇప్పటికీ ఒక చోట బ్రేకుకు తగిలి చిన్న చప్పుడు చేస్తుంది. నేర్చుకోవడానికి ఊరి బయట ఎండిపోయిన కుంటకు పోయేవాళ్లం. వెనక పట్టుకోమని బతిమాలాను. "నేను పట్టుకోను, నా నడుం పోతది. పడు. కింద మన్నే గదా, బాయి లేదు" అని గట్టు మీద కూర్చున్నారు. పడ్డాను. ఆ రోజు డైరీలో ఆ ఒక్క ముక్కే రాసుకున్నాను: పడ్డాను. మేకలు కాసే ఆడవాళ్లు చెంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లు. "ఓ పిల్లా, నువ్వు దాన్ని తోల్తున్నవా, అది నిన్ను తోల్తున్నదా?" అని ఒకామె అరిచేది. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అనసూయమ్మగారు గట్టు మీదినుంచి ఆమెకే జవాబు చెప్పేవారు: "రేపు నీ ఊరికే వస్తది, అప్పుడడుగు." ఆ ధీమా ఆమెకెక్కడిదో నాకు తెలియదు. నాకైతే లేదు.

ఉగాదికి ముందు మంగళవారం దూరపు ఊరికి బయల్దేరాను. మక్తల్ బజారు దాటడమే పెద్ద కష్టమనిపించింది. హోటలు ముందు బెంచీల మీది మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ముందురోజు ఆమె చెప్పిన మాటనే నోట్లో నములుతూ తొక్కాను: "చూస్తరు. చూడనీ. వాళ్లకు పని లేదు, నీకున్నది." ఊరు దాటాక ఎవరూ లేరు. ఎండిన జొన్న మోళ్లు, గాలి, చక్రం చప్పుడు. కుంట దగ్గర నన్ను చూసి అరిచిన ఆడమనిషి నిజంగానే ఆ ఊళ్లో ఎదురైంది. సైకిలు తనే పట్టుకుని నీడకు ఆనించి, నాకు చెంబునిండా అంబలి తెచ్చి ఇచ్చింది. తాగి, ఆమె ఇంట్లోనే మొదటి పొయ్యి కట్టాం.

ఎండ తగ్గాక తిరిగొచ్చేసరికి అనసూయమ్మగారు నా గది మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

"వచ్చినవా?"

"వచ్చిన."

"అలిసినవా?"

"బాగ అలిసిన."

"మంచిది. రేపు ఇంకో ఊరు."

అంతే. మెచ్చుకోలేదు. లేచి నిలబడడానికి చెయ్యి చాపారు, అందుకున్నాను. ఆఫీసరు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. గది నాకే మిగిలింది, గడియతో సహా.

పోయిన వానకాలంలో ఆమె పోయారు. అంతకు ముందే మోకాళ్లవల్ల ఉద్యోగం మానుకుని మహబూబ్‌నగర్‌లో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. చివరిసారి చూడబోయినప్పుడు, "ఇంక అలిసిపోతలేను పిల్లా, అదే బాగలేదు" అన్నారు. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కొంత అర్థమవుతోంది. ఇన్నాళ్లయినా నాకు ధైర్యం రాలేదు. కొత్త ఊరంటే ఈరోజుకీ భయమే. అలసట ఉంది, రోజూ ఉంది. పొద్దున లేచి దాన్ని క్యారియరు మీద కూర్చోబెట్టుకుని పోవడం మాత్రం వచ్చింది. ఆమె నేర్పింది అదే అనుకుంటాను.

బదిలీ కాగితం వచ్చిననాడు ఇంక చాలు, మానేద్దామనిపించింది. ఆ రోజు బాగా అలిసిపోయి ఉన్నాను. అందుకని ఏదీ తేల్చుకోలేదు. సామాను సర్దడం మొదలుపెట్టాను. ఇవాళ పొద్దున గుప్పెళ్లతో బియ్యం తీసి పసుపు కలిపాను. పెళ్లికాని దాన్ని, నేను పోయకూడదంటారు. ఒంటరి గదిలో ఎవరు అడ్డమొస్తారు?

హమాలీ కుట్టడం ముగించి దారం పళ్లతో తెంపాడు. సైకిలును లారీలోకి ఎక్కించాక నేను బస్సెక్కాను. కిటికీ పక్కన జాగా దొరికింది. సంచిలోంచి మూట తీసి ఒడిలో పెట్టుకున్నాను. గడ్డితో పాటు పంపే తప్పు మళ్లీ చెయ్యను. పక్కన కూర్చున్న ఆమె పసుపు మరకలు చూసి, "ఎవల ఒడిబియ్యం బిడ్డా, నీయేనా?" అని అడిగింది.

"కాదమ్మా, సైకిల్‌వి" అన్నాను.

ఆమె నన్నొకసారి చూసి, కొంచెం అవతలికి జరిగింది. బస్సు కదిలింది. మూట రెండు చేతులతో పట్టుకున్నాను.