షటిల్ కోర్టు ఫీజు

మణుగూరులో టైలర్ ఉబేద్ పదకొండేళ్లుగా మున్సిపాలిటీ షటిల్ కోర్టులో పిల్లలకు ఉచితంగా ఆట నేర్పుతున్నాడు. ఈ ఏడు కరెంటు, మ్యాట్ల ఖర్చు రాబట్టడానికి మున్సిపాలిటీ అధికారులు ఆడేవాళ్లందరికీ నెలకు మూడు వందల ఫీజు పెట్టాలనుకున్నారు. ఆ డబ్బుతో జీతమిస్తామని వీరేందర్ అనే గని కార్మికుడి కొడుకును కోచ్‌గా తీసుకున్నారు. పిల్లలు వారం తిరక్కుండానే అతణ్ని "సార్" అంటుంటే ఉబేద్ కడుపు రగిలిపోయింది. తనను ఇన్నేళ్లూ భాయ్ అనే పిలిచారు.

ఫీజు గురించి జనాన్ని అడిగే మీటింగుకు ఉబేద్ కూడా వెళ్లాడు. పేద పిల్లల పేరు చెప్పి ఫీజునూ, దాంతోపాటు ఆ కోచ్‌నూ తీసేయించాలని అతని ఆలోచన. అతను నోరు తెరిచేలోపే వీరేందర్ లేచాడు.

"అడివి ఊర్ల పిల్లలు గంత ఏడ కడ్తరు సార్? పిల్లలకు ఫ్రీ పెట్టుండ్రి. పొద్దుగాల ఆడే పెద్దోళ్ల తాన ఐదొందలు తీసుకోండ్రి."

అధికారులు సరేనన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. తాను అనాల్సిన మాట అతని నోట వచ్చినందుకు ఉబేద్‌కు ఇంకా ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున్నే ఐదొందలు కట్టి, "కోచ్ సాబ్, ఒక్క గేమ్ ఆడుదాం రా" అన్నాడు. చెమటలు కక్కి, రెండు పాయింట్ల తేడాతో గెలిచాడు.

"మస్తు ఆడినవ్ భాయ్," అన్నాడు వీరేందర్ నవ్వుతూ.

ఉబేద్ చుట్టూ చూశాడు. పిల్లలు ఇంకా ఒక్కరూ రాలేదు.