పైపోర్షన్ పెద్దమ్మ గరిజెలు

ముందే చెప్పేస్తున్నాను, నా నోట్లో పోసిన గుప్పెడు మరమరాలు బయటికొచ్చేసరికి బస్తా అవుతాయి. తూకం మీరే కాస్త తగ్గించుకుని చదవండి.

తొంభైల చివర్లో కొండాపూర్‌లో ఉండేవాళ్లం. అద్దాల మేడల కోసం ఎప్పుడూ ఎక్కడో ఒకచోట బండలు పేల్చేవాళ్లు. పేలినప్పుడల్లా మా వంటింటి గిన్నెలు లేచి నిలబడి మళ్లీ కూర్చునేవి. పైపోర్షన్‌లో ఒక కంప్యూటర్ ఇంజనీరు, వాళ్లమ్మ కిరాయికి దిగారు. తాతల కాలంలోనే కలకత్తాలో స్థిరపడిన చైనావాళ్లు. మా ఆవిడ ఆమెను మొదటిరోజే పెద్దమ్మను చేసేసుకుంది.

ఇంట్లో నాకున్న అధికారం ఒక్కటే. కోస్తావాళ్లు కజ్జికాయలనే గరిజెలు చేసినప్పుడు మా ఆవిడ పిండి ఒత్తి, లోపల పొడి నింపి ఇస్తే, అంచులు మడవడం నా పని. ఆమె పక్కన చెక్క పీట నాది. పెళ్లయినప్పటి నుంచి ఆ పీట మీద నేను మహారాజును.

చలి తగ్గుతుండగా వాళ్ల కొత్త సంవత్సరం వచ్చింది. పెద్దమ్మ ఒక ప్లేటు పంపింది. చూస్తే అచ్చం గరిజెలు. లోపల పల్లీలు, నువ్వులు, చక్కెర. అంచు మాత్రం పెళ్లికూతురి జడ. మా ఆవిడ ఒకదాన్ని కిటికీ వెలుతురుకు పట్టి బంగారం కొంటున్నట్టు చూసింది.

“గీ అంచు చూసిండ్రా, ఎట్ల అల్లిందో.”

“నూనె బాగా పీల్చినయి,” అన్నాను, మూడోది నములుతూ.

“మీరు చేసేటియి నూనెల నోరు తెరుస్తయి గదా. గివి జూడుండ్రి, ఒక్కటన్న తెరిచిందా?”

ఎవరి ప్లేటైనా ఖాళీగా తిరిగి పంపం కదా. గరిజెలే చేసి పంపుదామంది మా ఆవిడ, ఆ అంచు కూడా నేర్చుకోవచ్చని పెద్దమ్మనే కిందికి పిలిచింది. స్టవ్వు కింద పెట్టి, పిండి కలిపి, నేను పీట మీద సర్దుకుంటుండగా ఆమె వచ్చింది.

“మీరు జర లెవ్వుండ్రి. పెద్దమ్మ కూసుంటది.”

లేచాను. గడపలో వాచ్‌మన్‌లా నిలబడ్డాను. పెద్దమ్మ బొటనవేలు కదిలితే చాలు, మడతలు వాటంతటవే వరుసకట్టేవి. ఆమెది కలకత్తా హిందీ, మా ఆవిడది మన హిందీ. ఒకరి మాట ఒకరికి సగమైనా అందినట్టు లేదు. అయినా నాతో కాపురంలో నవ్వినదానికంటే మా ఆవిడ ఆ గంటలోనే ఎక్కువ నవ్వింది. కడాయిలో నూనెకంటే నా కడుపే ముందు కాగింది.

ఇక ఆగలేక, ఒకటి నిలబడే మడిచి నూనెలో జారవిడిచాను. అది నోరు తెరిచింది. లోపలి పొడంతా కడాయిలో చిమ్మి, మాడి, లేచిన పొగకు వీధిలోవాళ్లు మళ్లీ బండలు పేల్చారనుకున్నారు.

“సంబురమైందా? నూనెంత ఆగం జేసిండ్రు,” అంది మా ఆవిడ.

పెద్దమ్మ దాన్ని జల్లిగరిటెతో తీసి, ప్లేటులో అన్నిటి పైనా పెట్టింది. “హస్ రహా హై, బేటా. అచ్ఛా హై.” నవ్వుతోందట. వాళ్లింట్లో పండుగకు కావాలనే నోరు తెరిచేలా ఒక పిండివంట వేయిస్తారట, అలా నవ్వితే ఏడాదంతా మంచిదట.

“అట్లయితే మా ఇంట్ల ఏండ్ల సంది మంచే అయితుంది, పెద్దమ్మా,” అంది మా ఆవిడ.

అసూయతో ఆ రోజు నేనొక్క గరిజె ముట్టలేదు, పెద్దమ్మ చేసినవి ఓ డజను తప్ప.

ఇంతకీ గిన్నెలు లేచి నిలబడటం, వీధంతా పొగ, ఇవి పెంచినవే కానీ పుట్టించినవి కావు. పుట్టించింది ఒక్కటే. మా ఆవిడ నన్ను లేవమనలేదు. పెద్దమ్మ గడపలో కనబడగానే నేనే మూతి ముడుచుకుని లేచిపోయాను. ఆమె వచ్చి అటువైపు గచ్చు మీద కూర్చుంది. స్టవ్వు ఆర్పేదాకా మా ఆవిడ పక్కన ఆ పీట ఖాళీగానే ఉంది.