సమురాయ్ కోసం ప్రార్థించిన అక్క

అక్క పోయింది. నర్సాపురం దగ్గర వాళ్ళ ఊరి నుంచి ఆమె చెల్లెలు గురువారం ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు మధ్యాహ్నం డ్యూటీకి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాను. "తెల్లారగట్ట పోయిందమ్మా. రేపు భూస్థాపన" అంది. ఇస్త్రీ పెట్టె చల్లారేదాకా అలాగే నిలబడ్డాను. తర్వాత డ్యూటీకి వెళ్ళాను. మానేస్తే అక్కే తిట్టేది.

తోడబుట్టిన అక్క కాదు. ఎమిరేట్స్‌లోని ఖోర్ ఫక్కాన్ రేవు ఊళ్ళో నేను పనిచేసే ఆసుపత్రి పిల్లల వార్డులో సీనియర్ నర్సు. కాకినాడ నుంచి కొత్తగా వచ్చి, అరబిక్ ముక్క రాక, ఎవరేమన్నా తలూపుతున్న నన్ను ఒకరోజు పక్కకి లాగింది. "అర్థం కాకపోతే తలూపకే. మందుల దగ్గర తలూపితే కొంప మునుగుద్ది" అంది. ఆ రోజు నుంచి నాకు అక్క అయింది.

పిల్లలకి సూది వేసేటప్పుడు "నొప్పుండదు" అని ఒక్కసారి కూడా అనలేదు. నొప్పెడుతుందని చెప్పి, ఏడవడానికి కాస్త టైమిచ్చి, అప్పుడు వేసేది. మేం విసుక్కుంటే, "సూది దగ్గర అబద్ధమాడితే మళ్ళీ చెయ్యివ్వరే" అనేది. నిజమే. మా చేతుల్లో గింజుకునే పిల్లలు అక్క దగ్గర ఏడుస్తూనే చెయ్యి చాపేవారు.

ఇక్కడ వారాంతపు సెలవు గురువారం నుంచి శనివారానికి మారిన ఏడాది అది. వార్డు టీవీలో మధ్యాహ్నం పూట అరబిక్‌లో మాట్లాడే జపాన్ బొమ్మల సీరియల్ వచ్చేది. రక్తం ఎక్కించుకోవడానికి తరచూ వచ్చే ఒక చిన్నపిల్లకి అదంటే ప్రాణం. పుట్టుకతో వచ్చిన రక్తం జబ్బు పాపం. సీరియల్లో ఒక నవ్వుమొహం సమురాయ్ ఉండేవాడు. ఎంతమంది మీదపడినా నవ్వుతూనే కత్తి తిప్పేవాడు. గెలిచాక గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గేవాడు. చేతిలో ఎర్రటి మరక కనిపించేది. ఆ పిల్ల అక్క కొంగు దొరక్క యూనిఫాం అంచు పట్టుకుని, "సిస్టర్, యమూత్?" అని అడిగేది. చచ్చిపోతాడా అని.

"తెలీదు తల్లీ" అనేది అక్క. ఆ మాట కూడా నిజమే. అప్పటికి తెలీదు.

ఆ సంగతి తెలిసిన మనిషి పక్క వార్డుకి వచ్చాడు. రేవులో ఆగిన ఓడలోని జపాన్ ఇంజనీరు, కాలు విరిగి చేరాడు. అక్క వెళ్ళి ఆ సీరియల్ సంగతి కదిపితే ఆయన మొహం వెలిగిపోయింది. అది ఉత్త కల్పన కాదట. జపాన్‌లో కత్తుల కాలం ముగిసిపోతున్న రోజుల్లో, క్యోటో నగరానికి కాపలా కాసిన దళంలో నిజంగానే అలాంటి సమురాయ్ ఉన్నాడట. అసలు పేరు కూడా చెప్పాడు గానీ మా నోళ్ళకి పట్టలేదు. బొమ్మలు గీసేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆయన్నే అరువు తెచ్చుకుంటారట. ఒకరు జుట్టు మారుస్తారు, ఒకరు పేరు మారుస్తారు, ఒకరు దుర్మార్గుణ్ణి చేస్తారు. దగ్గుని మాత్రం చాలామంది అలాగే ఉంచుతారట. అసలాయన కత్తిదెబ్బకి పోలేదు. టీబీతో, చిన్న వయసులో, మంచం మీద పోయాడు. తోటివాళ్ళు యుద్ధంలో ఉంటే ఈయన పడుకుని, మా నాయకుడు ఎలా ఉన్నాడని అడిగేవాడట. నాయకుణ్ణి అప్పటికే చంపేశారు. చుట్టూ ఉన్నవాళ్ళు బాగానే ఉన్నాడని చెప్పేవారట.

అక్క ఆ రోజు అన్నం సరిగా తినలేదు. శుక్రవారం శుక్రవారం, మేమంతా ఆంటీ అని పిలిచే పెద్దావిడ ఫ్లాట్‌లో మా తెలుగువాళ్ళ ప్రార్థన జరుగుతుంది. ఒక్కొక్కరం మా విన్నపాలు చెప్తాం, ఆంటీ ప్రార్థిస్తుంది. అక్క వంతు వచ్చింది. "ఒక కుర్రాడున్నాడండి. టీబీ. రక్తం పడతంది. అడిగినదానికి నిజం చెప్పే మనిషి కూడా లేడు" అంది. ఎందుకలా అంటోందో నాకు అర్థం కాలేదు. ఆంటీ కళ్ళనీళ్ళతో ప్రార్థించింది. ఆ తర్వాతి వారాల్లోనూ మర్చిపోలేదు. ఒకరోజు ఫ్లాస్కులో జావ పోసుకుని ఆసుపత్రికే వచ్చేసింది. "ఆ దగ్గు కుర్రాడిది ఏ వార్డమ్మా?" అంది.

అక్క తల వంచుకుని, "ఆడు పోయి నూరేళ్ళు దాటిందండి" అంది. కథంతా చెప్పింది.

ఆంటీ మండిపడింది. "పోయినోళ్ళ కోసం ప్రార్థన చేయిత్తావా నా చేత? మన విశ్వాసంలో ఎక్కడన్నా ఉందా? బతికున్నోళ్ళ కోసమే అడగాలి మనం!" అంది. జావ మాత్రం వెనక్కి తీసుకెళ్ళలేదు. "నువ్వూ దగ్గుతున్నావు కదా, తాగు" అని అక్క చేత తాగించింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఇప్పుడది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ పిల్లకి అక్క నిజమే చెప్పింది. అసలాయన చనిపోయాడని, నాయకుడి సంగతి ఆయన దగ్గర దాచారని. పిల్ల టీవీ వంక చూస్తూ, "అతనికి తెలుసు. తెలిసే అడిగాడు" అంది. తర్వాత అక్క వైపు చూసి, "నువ్వూ అలాగే గోడవైపు తిరిగి దగ్గుతావు" అంది. అక్క నవ్వేసింది.

వీసా రెన్యువల్ పరీక్షలో ఎక్స్-రే తీస్తే అక్క ఊపిరితిత్తిలో మచ్చ కనిపించింది. మచ్చ ఉంటే టీబీ అని ఈ దేశంలో ఉండనివ్వరు. ఖలాస్. వార్డు పిల్లలకి వీడ్కోలు చెప్పే వ్యవధి కూడా లేకుండా ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడ పెద్ద పరీక్షలు చేస్తే అది టీబీ కంటే చెడ్డదని తేలింది.

ఆ పిల్లని దుబాయ్‌లో పెద్దాసుపత్రికి మార్చారు. అక్కడే పోయింది. వాళ్ళమ్మ మా వార్డుకి వచ్చి, మా చేతులు పట్టుకుని చెప్పింది. "ఆ సిస్టర్ ఏది?" అని అడిగింది.

అక్క ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మొదట ఆ పిల్ల సంగతే అడిగేది. పిల్ల పోయేసరికి అక్క ఇక మంచం దిగడం లేదని వాళ్ళ చెల్లెలు చెప్పింది. "పిల్లెలా ఉందే?" అంది అక్క. నా నోటికి నిజం రాలేదు. "బాగుందక్కా" అన్నాను. అవతల అక్క దగ్గింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఆ పిల్లన్న మాట గుర్తుందా? తెలిసే అడిగాడంది. నేనూ అడుగుతుంటానే. నువ్వు బాగుందనే చెప్పు."

సూది దగ్గర కూడా అబద్ధమాడని మనిషి నన్ను అడిగిన సాయం అదొక్కటే. ఆ తర్వాత అడిగినప్పుడల్లా చెప్పాను. చివరిసారి అక్క గొంతు గుసగుసలా మిగిలింది. "సీరియల్ చూత్తందా?"

"చూస్తోందక్కా."

"ఆడింకా బతికే ఉన్నాడా?"

"ఉన్నాడక్కా."

"మంచిది" అంది.

ఇప్పటికీ వార్డులో ఆ సీరియల్ పాట మొదలవగానే, దుప్పట్లు పెట్టే గదిలోంచి దగ్గు వినిపిస్తుంది. అక్క పిల్లలకి వినపడకుండా దగ్గడానికి అక్కడికే వెళ్ళేది. అది ఏసీ చప్పుడని అందరూ అంటారు. ఏసీ చప్పుడు నాకు తెలీదా? మొన్న గురువారం, ఆమె పోయిన రోజున, తలుపు తీసి చూశాను. మడతపెట్టిన దుప్పట్లు ఉన్నాయి. నాకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది.

మర్నాడు శుక్రవారం. అక్కడ అక్క మీద మట్టి వేసే వేళకి ఇక్కడ ఆంటీగారి ఫ్లాట్‌లో మేమంతా మోకాళ్ళ మీద ఉన్నాం. విన్నపాలు ఎవరూ చెప్పలేదు. పోయినవాళ్ళ కోసం ప్రార్థించకూడదని అక్కని కసిరిన ఆంటీ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. "తండ్రీ, దగ్గుతో ఉన్న ఆ కుర్రాణ్ణి బాగుచెయ్యి. ఆ చిన్నపిల్లకి రక్తం పట్టేలా చెయ్యి. మా నర్సు పిల్లని, ఊపిరాడక బాధపడతన్న మా పిల్లని, లేపి కూర్చోబెట్టు" అంది. ఎవరమూ ఆమెని ఆపలేదు. అందరం ఆమెన్ అన్నాం.

కళ్ళు తెరిచేసరికి ఆంటీ బైబిలు పక్కన, అప్పుడు ఆసుపత్రికి తెచ్చిన ఆ ఫ్లాస్కు ఉంది. మూత తీసి ఉంది. జావ ఇంకా పొగలు కక్కుతోంది.