అరచేతిలో అమ్మేసిన గుర్రం

ఆ రోజుల్లో నాకు భయం అనేది ఇంకా అలవాటు కాలేదు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఎమ్మెస్సీ చదువుతూ, శనివారాలు ఊరి బయట కొండ మీద ఒక గుర్రాల షెడ్డులో పార్ట్‌టైమ్ చేసేదాన్ని. మా ఫ్లాట్‌లో ఉండే గుంటూరు అక్క, "ముసలివాళ్ళ కేర్ హోమ్ డ్యూటీల రోటాలో పేరు వేయిస్తానంటే వద్దని, పోయి పోయి గుర్రపు లద్దె ఎత్తుతావటే? మీ అమ్మ అడిగితే ఏం చెప్పనే?" అని ముక్కు మూసుకునేది. (ముక్కు మూసుకోవడానికి నా జాకెట్ కంపు కూడా ఒక కారణం.) షెడ్డు యజమానురాలు ఎండలో కూడా మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకునేది కాబట్టి, నా మనసులో ఆవిడ బూట్ల ఆంటీ. పావు మైలు పరుగులో మరే జాతికీ అందని క్వార్టర్ హార్స్ అనే అమెరికా గుర్రాలను పెంచి, చుట్టుపక్కల వాళ్ళకు అమ్మేది.

ఒక శనివారం మిరపపండు రంగు ఆడ గుర్రాన్ని తోమి ముస్తాబు చేస్తున్నాను. దాన్ని ఒక నర్సుకు అమ్ముతానని ఆంటీ అప్పటికే మాటిచ్చింది. ఆ నర్సు ఆ మధ్యాహ్నమే ట్రైలర్‌తో వస్తోంది. ఈలోగా దాణా కొట్టు బోర్డు మీద పాత ప్రకటన చూసి, మనవరాలి కోసం గుర్రం కావాలంటూ టోపీ పెట్టుకున్న ఒక ముసలి రైతు గుర్రాలెక్కించే బండితో దిగాడు. అప్పుడే లోపల ఫోను మోగింది. "ఉన్నవి చూపిస్తూ ఉండు, వస్తాను" అని ఆంటీ వెళ్ళింది. ఆయన సరాసరి ఎర్రదాని దగ్గరికి వచ్చి, చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నర్సుకి మాటిచ్చిన సంగతి ఆంటీయే వచ్చి చెబుతుందిలే అనుకున్నాను.

"చిన్నపిల్ల ఎక్కుతుంది. తన్నదు కదా?"

"అస్సలు తన్నదు."

"అయితే సరే" అని అరచెయ్యి చాపాడు.

నమ్మకం కుదరనివాళ్ళు చెయ్యి చాపితే మనం ఏం చేస్తాం? ఒట్టు వేస్తాం. నేనూ టప్పున నా చెయ్యి వేసి కొట్టాను. ఆయన టోపీ సర్దుకుని, "బండి రివర్స్‌లో ఇటు తెస్తాను, నా గుర్రాన్ని విప్పు" అన్నాడు.

అప్పుడే బయటికొచ్చిన ఆంటీ మొహం పాలిపోయింది. "ఆయన చేతిలో చెయ్యి కొట్టావా?"

"తన్నదని ఒట్టేశానంతే!"

"ఇక్కడ చెయ్యి కొడితే అమ్మేసినట్టు, పిల్లా!"

అటు నర్సుకిచ్చిన మాట, ఇటు నా చెయ్యి. ఏది తప్పినా ఆ కొండ మీద ఆవిడ దగ్గర ఇంకెవరూ గుర్రం కొనరు. ఎర్రదాని బదులు ఇది తీసుకోమని ఆంటీ బతిమాలుతూ నల్ల మగ గుర్రాన్ని పట్టుకొచ్చింది. టోపీ అంకుల్ దాన్ని చూడనైనా లేదు. నా వైపు చెయ్యి చాపి, "దీనికీ ఒట్టెయ్యి" అన్నాడు. ఆంటీ కళ్ళతోనే వెయ్యమంటోంది. ముందు వారమే అది నా జాకెట్ చెయ్యి కొరికింది. నా రెండు చేతులూ వీపు వెనక్కి వెళ్ళిపోయాయి.

"వెయ్యలేను. ఇది కొరుకుతుంది."

ఆయన తల పంకించాడు. "చూశావా? నువ్వు ఉత్తుత్తి ఒట్టు వెయ్యవు. అందుకే నాకు ఎర్రదే కావాలి." (నిజం చెప్పి ఇంకా లోతుకి దిగడం అంటే ఇదే.)

కింద మలుపులో నర్సు ట్రైలర్ చప్పుడు వినిపించింది. నేను పరుగెత్తి, చివరి గదిలోంచి బూడిద రంగు ఆడ గుర్రాన్ని తీసుకొచ్చాను. ఆంటీ కేసి చూశాను. ఆవిడ సరేనన్నట్టు కళ్ళు మూసుకుంది. ఈసారి నేనే చెయ్యి చాపాను.

"దీని కాళ్ళ మధ్య కూర్చుని నేను శాండ్‌విచ్ తింటాను."

"ఏంటీ?" అంది ఆంటీ. (ఆవిడకి ఆ సంగతి తెలియదు.)

"ఎప్పుడైనా ఒకసారా?" అన్నాడాయన.

"ప్రతి శనివారం."

ట్రైలర్ గేటు దగ్గర ఆగింది. ఆయన గుర్రాన్ని చూశాడు, నా అరచేతిని చూశాడు, గేటు వైపు చూశాడు. "ఎర్రదాన్ని వదిలేశాను" అంటూ ఆయన నా అరచేతిలో కొట్టిన దెబ్బకి మర్నాటిదాకా పెన్ను పట్టుకోలేకపోయాను. ఆ సాయంత్రం ఆంటీ ఒక్కటే మాట అంది: "ఇకమీదట కొనేవాళ్ళు వస్తే, నీ చేతులు జేబుల్లో ఉండాలి."

ఇప్పుడు మా పాపకి మూడేళ్ళు. పార్కులో జారుడుబల్ల ఎక్కితే కింద వంగి కాపలా కాస్తాను. కొంచెం ఒళ్ళు వెచ్చబడితే మా జీపీ డాక్టరుకి ఫోన్ చేస్తాను. ఆ బూడిద గుర్రం కాళ్ళ మధ్య కూర్చున్న ఆనాటి పిల్ల ఇప్పుడు నా కంటపడితే, ముందు అక్కణ్ణుంచి లేవమని కేకలేస్తాను. ఆ పిల్ల లేవదు. నన్ను చూసి నవ్వి, శాండ్‌విచ్ ఇంకో ముక్క కొరుక్కుంటుంది.