రాయి పడే చోటు గీసిన మామ

మా డ్రాయింగ్ మామ పోయి వారం తిరగకముందే, యార్డు నేల మీద ఆయన వేసిన పసుపు గీతను బూడిదరంగు పెయింటుతో చెరిపేశారు. బెల్టు కొనే పార్టీవాళ్లు వస్తున్నారట, నేల శుభ్రంగా కనపడాలట. పోయిన మంగళవారం గుండెపోటుతో మనిషి పోయారు. ఇప్పుడు గీతా పోయింది.

బెంగళూరు పక్కన హొసకోటెలో కంకర క్రషర్లకు కన్వేయర్ బెల్టులు చేసే ఫ్యాక్టరీ మాది. ఆయన డ్రాఫ్ట్స్‌మన్, నేను వెల్డర్ని. ఏ కోర్సూ చెయ్యలేదు. భోజనాల వేళ ఆయన లావుపాటి మానిటర్ ముందు కూర్చుని, కంప్యూటర్లో డ్రాయింగులు గీసే క్యాడ్ నాకు నేనే నేర్చుకున్నాను. మామ కుర్చీ నాకు వదిలి, కిటికీ దగ్గర నిలబడి పెరుగన్నం తినేవారు.

బెల్టు చివర ఎగిరిన రాయి ఎక్కడ పడుతుందో తెరమీద నడిపి చూపించేవారు. రెప్పపాటుకొక చుక్క. "చూడప్పా, ముందుకి ఎప్పుడూ అంతే దూరం పోతాది. కిందికి మాత్రం పోనుపోను ఎక్కువ దిగతాది." చుక్కలు కలిపితే వంపు. ప్రతి డ్రాయింగులోనూ ఆ వంపు పక్కన చీరకట్టిన మనిషి బొమ్మ పెట్టేవారు. మేనేజరు "ఇదేమన్నా కార్టూనా?" అని తీసేయిస్తే మళ్లీ పెట్టేవారు.

"మనిషి లేకుంటే ఈ వంపు ఎవురికి సార్?"

మొన్న వేసవిలో, యార్డులో కంకర పోసి తిప్పి చూసే బెల్టు వేగం పెంచమన్నారు. మామ కొత్త వేగంతో నడిపి చూశారు. వంపు సాగి, యార్డు ఊడ్చే ఆడవాళ్లు అన్నం తినే రేకుల నీడలోకి దిగింది. ఆయనే పసుపు పెయింటు, బ్రష్ పట్టుకుని మోకాళ్ల మీద వంగారు.

"ఏం మామా, ముగ్గేస్తా ఉండావా?" అంది ఊడ్చే అక్క.

"ఔనమ్మా. బెల్టు తిరిగేటప్పుడు దీనికి అవతలే కూకోండి."

"అవతల ఎండ ఉండాది గదా."

మర్నాటికి అవతల టార్పాలిన్ కట్టించారు. పెయింటు కొట్టినవాళ్లు దాన్ని కూడా విప్పేశారు.

నిన్న అక్క రేకుల కింద టిఫిన్ డబ్బా మూత తీస్తోంది. "గీత తుడిచేసినారంటే ఇంక భయం లేదనే గదప్పా?" అంది.

"లేదక్కా, రాయి ఇప్పుడూ ఈడికే వస్తాది" అని లేపాను. మూత సగం తీసిన డబ్బాతో ఎండలో నిలబడింది.

మేనేజర్ గారూ, మామ ఫోటోకి దండ వేశారు, చూశాం. సోమవారం పార్టీ ముందు బెల్టు పూర్తి వేగంతో తిప్పుతారట. గీత మళ్లీ వెయ్యండి, టార్పాలిన్ కట్టండి. లేకుంటే స్విచ్ మీద మాలో ఎవరూ చెయ్యి పెట్టరు. మీ జవాబు శనివారం సాయంత్రం సైరన్ మోగేలోపు గేటు బోర్డు మీద ఉండాలి.